నీటిరంగులకు సహజ రోమాల కుంచె ఏది కొనాలి, ఎలా కాపాడుకోవాలి?

రెండేళ్ళుగా నైలాన్ కుంచెలతో నీటిరంగుల చిత్రాలు వేస్తున్నాననీ, సహజ రోమాల కుంచెలకు మారాలని ఉన్నా ఏది కొనాలో, కొన్నాక పాడవకుండా ఎలా చూసుకోవాలో తెలియడం లేదనీ మీరు రాశారు. నేను విశాఖపట్నంలో ఉంటూ పదిహేనేళ్ళుగా ఈ కుంచెలతోనే పని చేస్తున్నాను. రెండు మంచి కుంచెలను చేజేతులా పాడుచేసుకున్నాను కూడా. ఆ అనుభవంతోనే ఈ జవాబు రాస్తున్నాను.

ముందుగా, దయచేసి సెట్టు కొనకండి. ఆ డబ్బుతో ఎనిమిదో నంబరు గుండ్రటి కుంచె ఒక్కటి, మంచిది, కొనుక్కోండి. మొన సరిగా నిలిచే కుంచె అయితే ఆకాశాన్ని పరచడానికీ, పడవ తాడును గీయడానికీ అదే సరిపోతుంది. నంబర్లు అన్ని కంపెనీలకూ ఒకేలా ఉండవు కనుక, వెంట్రుకల పొడవు ఎన్ని మిల్లీమీటర్లో కూడా చూసుకోండి.

గుండ్రటి కుంచెలలో మేలైనదిగా పేరున్నది కొలిన్‌స్కీ సేబుల్. పేరులో సేబుల్ అనే వేరే జంతువు ఉన్నా, ఇది సైబీరియా ప్రాంతపు వీజిల్ అనే చిన్న జంతువు తోక వెంట్రుక. ఆ వెంట్రుక మధ్యలో లావుగా ఉండి చివరకు సన్నబడుతుంది కాబట్టి, కట్టగా కట్టినప్పుడు కుంచెకు పొట్ట, మొన రెండూ సహజంగానే ఏర్పడతాయి. పైగా వెంట్రుక మీద ఉండే సూక్ష్మమైన పొలుసులు నీటిని పట్టి ఉంచి కొద్దికొద్దిగా వదులుతాయి. నున్నటి నైలాన్ పోగు నీటినంతా ఒక్కసారిగా కాగితం మీద దించేస్తుందని మీకు ఇప్పటికే అనుభవమై ఉంటుంది. విన్సర్ అండ్ న్యూటన్ అనే ఇంగ్లండ్ రంగుల కంపెనీ వారు 1866లో విక్టోరియా రాణి కోసం ఈ రకం కుంచెలు చేశారు. ఆమెకు ఇష్టమైనది ఏడో నంబరు కావడంతో ఆ వరుసకు సిరీస్ 7 అనే పేరు నిలిచిపోయింది. ఆ వీజిల్‌ను మన దేశం అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందమైన సైటీస్ మూడో అనుబంధంలో చేర్పించింది కనుక, విదేశం నుంచి తెప్పించుకునేవారు పత్రాల సంగతి ముందే అడిగి తెలుసుకోవడం మంచిది.

ఉడుత వెంట్రుక కుంచె ఇంకా మెత్తన. మన చెరియాల నకాషీ చిత్రకారులు ఉడుత వెంట్రుకలను పుల్లకు కట్టి కుంచెలు చేసుకున్న సంప్రదాయం ఉంది. నీటిరంగుల్లో లావుపాటి ఉడుత కుంచె నీటిని విపరీతంగా పీల్చుకుంటుంది, కానీ వంగితే వంగినట్టే ఉంటుంది. కాబట్టి పెద్ద వాష్‌లకు, అంటే పలుచటి రంగునీటిని విశాలంగా పరచడానికి మాత్రమే దాన్ని వాడుతాను. కేమెల్ హెయిర్ అని రాసి ఉన్న కుంచెలో ఒంటె వెంట్రుక ఉండదు. మేక, ఉడుత, గుర్రం వంటి వాటి వెంట్రుకలకు వ్యాపారులు పెట్టుకున్న పేరు అది.

ముంగిస వెంట్రుక కుంచెను మాత్రం ఎంత చవకగా ఇచ్చినా ముట్టుకోకండి. ముంగిస 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్న జంతువు. దాన్ని చంపి తీసిన వెంట్రుకతోనే ఆ కుంచె తయారవుతుంది. అమ్మడమూ కొనడమూ నేరమే. వెంట్రుక పొడవునా లేత, ముదురు గోధుమరంగు పట్టీలు కనిపిస్తే అనుమానించండి. కృత్రిమ పోగులకూ అలా రంగు వేస్తారు కనుక, అది దేనితో చేసినదో అమ్మేవారు స్పష్టంగా చెప్పలేకపోతే వదిలేయండి. మన బొమ్మ కోసం ఒక ప్రాణి చావవలసిన అవసరం లేదని నేను గట్టిగా నమ్ముతాను.

దుకాణంలో గ్లాసుడు నీళ్ళు అడగడానికి మొహమాటపడవద్దు. కొత్త కుంచె మొనను జిగురుతో బిగించి ఉంచుతారు కాబట్టి పొడిగా చూస్తే ఏ కుంచె అయినా సూదిలాగే కనిపిస్తుంది. జిగురు పూర్తిగా కరిగేదాకా నీటిలో తిప్పి, మణికట్టుతో ఒక్కసారి విదిలించండి. వెంట్రుకలన్నీ తమంతట తామే ఒక్క మొనగా చేరితే తీసుకోండి. రెండుగా చీలితే తిరిగి ఇచ్చేయండి. ఈ మొనను కత్తెరతో కోసి చేయరు, వెంట్రుకల సహజమైన కొసలనే పేర్చి కడతారు. అందుకే తరువాత ఎప్పుడైనా ఒక వెంట్రుక పక్కకు పొడుచుకు వచ్చినా కత్తిరించకండి.

ఇక సంరక్షణ విషయానికి వస్తే, కుంచె చెడిపోవడం చాలాసార్లు మొన దగ్గర కాక మెడ దగ్గర, అంటే వెంట్రుకలు లోహపు తొడుగులోకి దిగేచోట మొదలవుతుంది. అక్కడ ఎండిన రంగు వెంట్రుకలను విడదీస్తుంది, మొన తెరుచుకుంటుంది. అందువల్ల సగానికి మించి రంగులో ముంచకండి, గట్టిపడిన రంగుబిళ్ళను ఈ కుంచెతో రుద్దకండి, అక్రిలిక్ రంగులు, కాగితం మీద రంగు అంటకూడని చోట పూసే మాస్కింగ్ ద్రవం దీనికి తగలనివ్వకండి. పని అయ్యాక చన్నీళ్ళలో కడిగి, అరచేతిలో మెత్తటి సబ్బు మీద గుండ్రంగా తిప్పి, నురుగు తెల్లగా వచ్చేవరకు మళ్ళీ కడిగి, వేళ్ళతో మొన తీర్చి, పడుకోబెట్టి ఆరనివ్వండి. వేడినీళ్ళు తగిలితే లోపలి జిగురు సడలుతుంది.

నా మొదటి కొలిన్‌స్కీని ఒక రాత్రి నీళ్ళ గ్లాసులోనే మరిచిపోయాను. పొద్దున చూస్తే మొన కొక్కెంలా వంగి ఉంది, పిడి ఉబ్బి దాని మీది రంగు పెచ్చులు లేచింది, తొడుగు వదులైంది. రెండోదాన్ని వానాకాలంలో రేకుపెట్టెలో పెట్టి మూడు నెలలు తెరవలేదు. తెరిచేసరికి ఉన్నిని తినే పురుగులు వదిలిన గోధుమరంగు పొట్టు అడుగున ఉంది; కుంచెను చేతిలోకి తీసుకోగానే మొదలంటా కొరికిన వెంట్రుకలు గుప్పున రాలాయి. అప్పటి నుంచి కుంచె రెండు రోజులు ఆరాకే పెట్టెలో పెడుతున్నాను, పక్కనే గుడ్డలో చుట్టిన కలరా ఉండ ఒకటి ఉంచుతున్నాను, వాడకపోయినా నెలకోసారి తీసి గాలికి పెడుతున్నాను.

వంగిన ఆ మొదటి కుంచెకు తుమ్మజిగురు నీళ్ళు పట్టించి, మొన తీర్చి రెండు రోజులు కదపకుండా ఉంచితే చాలావరకు చక్కబడింది. సన్నగీతకు మాత్రం ఇప్పటికీ పనికిరాదు. తాటాకుల గుబురును పొడి కుంచెతో అద్దవలసి వచ్చినప్పుడు దాన్నే తీస్తాను.