ఇటలీకి కొత్తగా వచ్చారా? ముందు వంట వీడియోలు చూడండి

"మాస్టర్స్ క్లాసులన్నీ ఇంగ్లిష్‌లోనే కదా, ఇటాలియన్ అవసరమా? వీడియోలు చూస్తే వచ్చేస్తుందా?" మిలాన్, తొరీనోలకు చదువుకోవడానికి వచ్చే మన పిల్లలు నన్ను ముందుగా అడిగేది ఇదే. అవసరమే. చూసే పద్ధతి తెలిస్తే వీడియోలతో చాలావరకు వస్తుంది కూడా.

నేను వచ్చిన కొత్తలో పెర్మెస్సో, అంటే ఇక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి, దాని కాగితాలతో ఒక ఆఫీసు కౌంటర్ దగ్గర నిలబడ్డాను. లోపలావిడ "మాంకా లా మార్కా ద బొల్లో" అంది. అర్థం కాలేదు. మళ్లీ అడగడానికి మొహమాటపడి "సీ, సీ" అని తలూపాను. ఆవిడ ఫైలు పక్కన పెట్టేసింది. 16 యూరోల స్టాంపు అంటించలేదని నాకు తెలిసేసరికి మూడు వారాలు గడిచిపోయాయి. ఆ స్టాంపు ఎదురుగా ఉన్న సిగరెట్ల కొట్లోనే అమ్ముతారు. మీకు ఆ టెన్షన్ రాకూడదనే ఇదంతా చెబుతున్నాను.

మొదట వంట వీడియోలతో మొదలుపెట్టండి. మన వంటల వీడియోల్లో "ఇప్పుడు ఉల్లిపాయలు వేసుకుందాం, కలుపుకుందాం" అంటారు కదా, అచ్చం అలాగే ఇక్కడివాళ్లు "మెత్తియామొ, మెస్కొలియామొ" అంటారు. చివర వచ్చే ఆ "యామొ" అంటే మన "దాం". చెయ్యి ఉప్పు వేస్తుంటే నోరు ఉప్పు అంటుంది, కాబట్టి డిక్షనరీ తియ్యాల్సిన పని ఉండదు. ఐదు నిమిషాల వీడియో ఒకటి తీసుకుని మూడు రోజులు అదే చూడండి. మొదటిరోజు ఊరికే చూడండి, రెండోరోజు ఇటాలియన్ సబ్‌టైటిల్స్‌తో, మూడోరోజు ఆపి ఆపి పైకి అంటూ. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ మాత్రం వద్దు. అవి ఉన్నంతసేపూ కన్ను చదువుతుంది, చెవి పనిచెయ్యదు.

తర్వాత సీరియల్. ఇటలీ ప్రభుత్వ టీవీ సంస్థ రాయ్‌వాళ్ల వీడియో సైట్ రాయ్‌ప్లేలో ఉచితంగా అకౌంట్ తెరుచుకోవచ్చు. అందులో "ఉన్ పోస్తో అల్ సోలే" చూడండి. నేపుల్స్‌లోని ఒకే భవనంలో ఉండేవాళ్ల కథ, 1996 నుంచి నడుస్తోంది. మన ఇళ్లలో అమ్మవాళ్లు చూసే సీరియల్‌లాగే పెళ్లిళ్లు, అలకలు, అద్దెలు, ఉద్యోగాలు. రోజూ అవే మాటలు తిరిగి తిరిగి వస్తాయి, మనకు కావాల్సిందీ అదే. మాఫియా సీరియళ్ల జోలికి ఇప్పుడే వెళ్లకండి. నేపుల్స్ యాసలో తీసినవాటిని ఇటాలియన్లే సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూస్తారు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది పాత బ్లాక్ అండ్ వైట్ పాఠాల కార్యక్రమం, "నోన్ ఎ మాయ్ త్రోప్పొ తార్ది". చదువురాని పెద్దవాళ్లకు అక్షరాలు నేర్పడానికి 1960 నుంచి 1968 వరకు రాయ్‌లో వచ్చింది. ఆల్బెర్తొ మాన్‌జి మాస్టారు పెద్ద కాగితంపై బొగ్గుతో బొమ్మ గీస్తూ నిదానంగా మాట్లాడతారు. ఆ క్లిప్పులు చూస్తుంటే మనల్నే దగ్గర కూర్చోబెట్టుకుని చెబుతున్నట్టు ఉంటుంది.

ఉచ్చారణ విషయంలో మన చెవి మనకు పెద్ద ఆస్తి. కల, కల్ల మధ్య తేడా మనకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఇక్కడా అంతే: కపెల్లొ అంటే వెంట్రుక, కప్పెల్లొ అంటే టోపీ. నోనొ అంటే తొమ్మిదోది, నొన్నొ అంటే తాతయ్య. మాటలు కూడా మనవాటిలాగే ఎక్కువగా అచ్చుతోనే ముగుస్తాయి. అందుకే కొత్త మాటలు నోట్‌బుక్‌లో తెలుగు లిపిలో రాసుకోండి. ఇంగ్లిష్ అక్షరాలు చూస్తే "టూటో" అనేస్తాం, అది "తుత్తొ". చిన్నప్పుడు దిద్ది వదిలేసిన ఞ కూడా ఇక్కడ రోజూ పనికొస్తుంది: బాత్రూమ్ బాఞ్ఞొ, బంగాళాదుంప ఉండలు ఞొక్కి.

ఉద్యోగం చేసుకుంటూ ఇక్కడే ఉండాలనుకుంటే డ్రైవింగ్ పరీక్ష గురించి ఇప్పుడే ఆలోచించండి. మన లైసెన్స్‌ను మార్చి ఇవ్వరు. థియరీ పరీక్ష ఇంగ్లిష్‌లో లేదు. 20 నిమిషాల్లో 30 వాక్యాలకు తప్పా ఒప్పా చెప్పాలి, మూడు తప్పులకు మించకూడదు. ఒక్కో ప్రశ్ననూ విడమరిచి చెప్పే డ్రైవింగ్ స్కూళ్ల వీడియోలు బోలెడున్నాయి, వాటితో భాషా వస్తుంది, రూల్సూ వస్తాయి.

వీడియో మీ తప్పు దిద్దదు. దానికి చీపీయా అనే ప్రభుత్వ వయోజన పాఠశాలలున్నాయి, ఫీజు ఉండదు లేదా చాలా తక్కువ. దీర్ఘకాల పెర్మెస్సోకు ఇటాలియన్ భాషలో ఏ2 (ప్రాథమిక), పౌరసత్వానికి బీ1 (మధ్యస్థ) స్థాయి కావాలి. ఊళ్లోకి దిగిన వారంలోనే దగ్గరలోని చీపీయాకు వెళ్లి, క్లాసులు ఎప్పుడు మొదలవుతాయో కనుక్కుని పేరు రాయించుకోండి.