ఉరుముకు వణికిన ఆదిమానవుణ్ణి కొట్టెయ్

బ్రాడీపేట, గుంటూరు

అమ్మాయ్,

"ఉరుము ఉరిమింది, ఆదిమానవుడు వణికాడు, దేవుడు పుట్టాడు." మతం ఎలా పుట్టిందన్న నీ వ్యాసంలో ఈ మొదటి పేరా చదవగానే ఒళ్లు మండింది. ఆ వణుకు నీకెవరు చెప్పారు? నువ్వే గుహలో కూర్చున్నట్టు ఊహించుకుని, నీకు తోచింది అతనికి అంటగట్టావు. పాత సిద్ధాంతకర్తల్ని 1965లో మానవశాస్త్రవేత్త ఇవాన్స్-ప్రిచర్డ్ దులిపేసింది సరిగ్గా ఇందుకే.

భయం అనేదాన్ని వదిలెయ్యమనను. భయంలోంచే దేవుళ్లు పుట్టారని గ్రీకు తత్వవేత్త డెమోక్రిటస్ చెప్పాడు, 1757లో స్కాట్లాండ్ తత్వవేత్త హ్యూమ్ చెప్పాడు. భయపడ్డ మనుషులు కొండల్నీ వనాల్నీ చెట్లనీ శరణు వేడతారని ధమ్మపదంలోనూ ఉంది. దానికి చూసిన సాక్ష్యం కావాలంటే మానవశాస్త్రవేత్త మాలినోవ్‌స్కీ దగ్గరికి వెళ్లు. ఆయన చూసిన పసిఫిక్‌లోని ట్రోబ్రియాండ్ దీవుల్లో లోపలి మడుగులో చేపలు పట్టేవాళ్లు మంత్రాల జోలికి పోరు. నడిసంద్రంలోకి వెళ్లేవాళ్లకు మాత్రం మంత్రతంతు జరగాల్సిందే.

ఇప్పుడు అదే సిద్ధాంతాన్ని మశూచి తల్లి అని మనం కొలిచే పోలేరమ్మ ముందు నిలబెట్టు. మశూచి ప్రపంచంలోనే లేదని 1980లో ప్రకటించారు. కొలుపులు ఆగాయా? వేపమండ వేసిన పసుపునీళ్ల బిందె ఆడవాళ్ల తలల మీద ఇంకా ఉంది. పుట్టడానికి కారణం వేరు, నిలవడానికి కారణం వేరు. నువ్వు రెండూ కలిపేశావు. నిలవడం గురించి రాయాలంటే ఫ్రెంచ్ సామాజికశాస్త్రవేత్త దుర్కైమ్ 1912లో చెప్పింది పనికొస్తుంది: జనమంతా ఒకచోట చేరినప్పుడు పుట్టే ఉద్వేగమే మతానికి ఊపిరి. అయితే ఆయన ఆస్ట్రేలియాలో అడుగు పెట్టకుండానే అక్కడి తెగల గురించి రాశాడు. అదీ చెప్పాలి.

ఆదివారం సంచికల సంపాదకులకు ఇలాంటి మెలికలు గిట్టవు. "కారణం ఒక్కటే చెప్పండి" అంటారు, సందేహం ఉన్న పేరాకే మొదట కత్తెర వేస్తారు. వాళ్ల కోసం రాయకు.

దేవుళ్లు ఒకప్పటి రాజులేనని క్రీ.పూ. 300 ప్రాంతంలో చెప్పిన గ్రీకు రచయిత యూహెమెరస్‌ను ఒక్క వాక్యంలో తేల్చేశావేం? కారంపూడి ఎంత దూరమని! పల్నాటి యుద్ధంలో పడ్డ వీరులకు అక్కడ గుడి ఉంది. కార్తీకంలో వాళ్ల ఆయుధాలు, కొణతాలు, బయటికొస్తాయి. చచ్చిపోయిన మనిషి దేవుడయ్యే దారి అక్కడ కళ్లకు కడుతుంది. మశూచికి మాత్రం ఏ రాజూ మూలపురుషుడు కాడు; ఆయన మాట అక్కడ ఆగిపోతుంది.

ప్రతి సిద్ధాంతకర్త దగ్గరా ఇలాగే అడుగు: ఏ జనాన్ని చూశాడు, ఎవరి కళ్లతో చూశాడు, అతని మాట ఎక్కడ తెగిపోయింది? 1871లో ఇంగ్లిష్ మానవశాస్త్రవేత్త టైలర్ కలల్లోంచీ చావులోంచీ ఆత్మను తెచ్చాడు, బాగానే ఉంది. ఊరంతా కలిసి ఎందుకు కొలుస్తుందో దాంతో తేలదు.

చార్వాకుల పేరా బాగుంది, కదపకు. వాళ్లవని నువ్విచ్చిన శ్లోకాలు మనకు దక్కింది వాళ్లను ఖండించిన 14వ శతాబ్దపు సర్వదర్శన సంగ్రహంలోనని ఒక్క వాక్యం చేర్చు.