పిండికట్టు చెయ్యి, వంటింటి పని

ప్రశ్న: మాది తెనాలి. నాకు 57 ఏళ్లు. కుడి బొటనవేలి మొదట్లో కీలు అరిగిందని మూడు వారాల క్రితం ఆపరేషన్ చేసి, అక్కడి చిన్న ఎముక తీసేశారు. పిండికట్టు ఉంది. ఇంట్లో నేనూ మావారే. ఎడమ చేత్తో తినడానికి మనసొప్పక ఆయనే అన్నం కలిపి పెడుతున్నారు. కట్టు విప్పేదాకా ఇంటి పని ఎలా? చెయ్యి మళ్లీ మామూలవుతుందా? చాలా టెన్షన్‌గా ఉంది మేడమ్.

జవాబు: అమ్మా, ముందు తిండి సంగతి. ఎడమ చేతికి స్పూన్ ఇవ్వండి. ప్రసాదం తీసుకునేటప్పుడు కుడి చేతి కింద ఎడమ చెయ్యి పడతాం కదా, దానికి అంటు ఏమిటి! మీవారు కలిపి పెట్టడం మంచి మనసే. కానీ నా దగ్గరకు ఫిజియోథెరపీకి వచ్చే ఆడవాళ్లలో చాలామంది ఇంకొకరిని ఇబ్బంది పెట్టలేక సగం కడుపుతో లేచేస్తారు. గాయం మానాల్సిన రోజుల్లో అది మంచిది కాదు.

మీకు తీసిన ఎముక పేరు ట్రెపీజియం. బొటనవేలి కొసతో ఒక కిలో బలంతో నొక్కితే, మొదట్లో ఆ కీలు మీద దాదాపు పన్నెండు కిలోల ఒత్తిడి పడుతుంది. చింతపండు పిసకడం, జాకెట్టు హుక్కులు పెట్టడం, తడిబట్టలు పిండడం, అన్నిటి భారమూ అక్కడికే చేరుతుంది. నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లలో ఈ అరుగుదల ఎక్కువ. కాబట్టి కొన్నాళ్లు ఆ చేత్తో దేన్నీ గట్టిగా నొక్కి పట్టుకోకండి.

అలాగని చెయ్యి కదపకుండా కూర్చోవద్దు. కట్టు బయట ఉన్న నాలుగు వేళ్లనూ మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి ముడిచి తెరవండి. మోచెయ్యి, భుజం కూడా ఆడించండి. రోజంతా చెయ్యి మెడకు వేలాడదీసుకుని, చివరికి భుజం పట్టేసి వచ్చేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. కూర్చున్నా పడుకున్నా చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉండేలా దిండు పెట్టుకోండి, వాపు తగ్గుతుంది.

వంటింట్లో కత్తిపీట జోలికి వెళ్లకండి, దానికి రెండు చేతులూ కావాలి. కూరలు మీవారిని ముందురోజు రాత్రే తరిగి పెట్టమనండి. గంజి వార్చే పని లేకుండా ఎలక్ట్రిక్ కుక్కర్‌లో అన్నం వండుకోండి. ప్రెషర్ కుక్కర్ మూత, వేడి గిన్నెలు ఆయనకే వదిలేయండి. కట్టు చేతిని ఆసరాగా పెట్టి గిన్నె దించబోయి ఒళ్లు కాల్చుకున్నవాళ్లున్నారు. హుక్కుల బాధ లేకుండా వదులు నైటీ వేసుకోండి. స్నానానికి కట్టు మీద ప్లాస్టిక్ కవర్ వేసి టేపుతో బిగించి, చెయ్యి నీళ్లకు దూరంగా పెట్టండి. లోపల తడిస్తే ఆసుపత్రికి వెళ్లి మార్పించుకోవాలి.

మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాల్లో కట్టు విప్పి, తీసి పెట్టుకునే స్ప్లింట్ (వేలు కదలకుండా ఆసరా ఇచ్చే పట్టీ) ఇస్తారు. అప్పుడు వేలు బిగుసుకుపోయి, సన్నబడి కనిపిస్తుంది. భయపడకండి. బొటనవేలి కొసను ముందు చూపుడు వేలికి, కొన్నాళ్లకు మధ్యవేలికి, అలా చిటికెన వేలి దాకా తాకించడం నేర్పిస్తారు. రెండో చేత్తో లాగి వంచొద్దు. చేసిన కసరత్తు నొప్పి మర్నాటి దాకా ఉంటే, ఆ రోజు సగమే చేయండి. గాయం పూర్తిగా మానాక కొబ్బరినూనెతో మచ్చ మీద మెల్లగా రుద్దండి. వేలి వెనక తిమ్మిరి కొన్నాళ్లు ఉండొచ్చు.

చపాతీ పిండి కలపడం, కొబ్బరి తురమడం, నీళ్ల బకెట్ మోయడం మూడు నెలల తర్వాతే, అదీ సర్జన్ సరే అన్నాకే. పూర్తి బలం రావడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. వేలు కాస్త పొట్టిగా అనిపించొచ్చు, కానీ చాలామందికి పాత నొప్పి బాగా తగ్గి, ఇంటి పనులన్నీ చేసుకోగలుగుతారు.

వేళ్లు నీలంగానో తెల్లగానో మారినా, మొద్దుబారినా, కట్టు బిగుసుకున్నట్టున్నా, కట్టులోంచి దుర్వాసన వచ్చినా, జ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. అలాంటిదేమీ లేకపోతే, కట్టు విప్పే రోజుకే ఫిజియోథెరపీ అపాయింట్‌మెంట్ కూడా ఇప్పుడే అడిగి పెట్టుకోండి.