అత్తమ్మ నాటకాలంటున్నది, నాకేమో పొద్దున చేతులు లేస్తలేవు

దేవరకొండ దిక్కునుంచి రాసిన చెల్లెకు (ఇది 2021ల, కరోనా లాక్‌డౌన్ నడుస్తున్నప్పుడు రాసిన జవాబు),

నీ మెసేజ్ మొత్తం చదివిన. నాలుగేండ్లనుంచి రుమటాయిడ్ ఆర్థరైటిస్, అదే మనోళ్లు కీళ్లవాతం అంటరు, నెలనెలా హైదరాబాద్ పోయి చూపించుకునేదానివి, 2020 మార్చిల లాక్‌డౌన్ పెట్టినకాడికెల్లి ఆ పోవుడు బందైంది. మీ ఆయన ప్రైవేట్ స్కూల్ల సారు, స్కూల్ మూతపడి జీతం లేదు, సర్కారిచ్చే 2,000 రూపాయలు 25 కిలోల బియ్యంతోని ఇల్లు ఎల్లదీస్తున్నరు, ఉన్న ఒక్క ఫోన్ పిల్లల క్లాసులకే సరిపోతున్నది. వీటన్నిటి మీద అత్తమ్మ "పని ఎగ్గొట్టేతందుకు నాటకాలు" అంటున్నదని, నొప్పి నిజమేనని ఆమెను ఎట్ల నమ్మించాలె అని అడిగినవ్.

నమ్మించలేవు చెల్లె. రిపోర్టులు ముందటేసినా నమ్మదు. ఎందుకంటే నువ్వే ఒక ముక్క రాసి దాటిపోయినవ్ చూడు, ఆమె పుట్టిల్లు మర్రిగూడ దిక్కు, నడుము వంగి గోడ పట్టుకొని నడుస్తది అని. ఆ ఊర్ల బోరునీళ్ల సంగతి నల్గొండోళ్లకు చెప్పాల్నా, లీటర్‌కు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితేనే ఫ్లోరైడ్ ఎక్కువ అంటరు, అక్కడ అంతకు ఎన్నోరెట్లున్న నీళ్లు చిన్ననాటినుంచి తాగి ఎముకలు వంగిన మనుషులు వాళ్లు, ఇప్పుడు భగీరథ నల్లాల కృష్ణా నీళ్లొస్తున్నయి గాని వంగిన నడుము సక్కగ కాదు కదా. ఆ నడుముతోనే నాట్లేసింది, పిల్లల్ని సాదింది, ఒక్కనాడన్నా ఎవరూ జరసేపు ఒరుగు అనలే. ఇప్పుడు కోడలు మంచంల ఉంటే ఆమెకు మంట లేస్తది. ఆ మంట న్యాయమని అంటలేను, ఎక్కడికెల్లి వస్తున్నదో చెప్తున్న. ఓపాలి పక్కన కూసొని, అత్తమ్మా రాత్రి నిద్ర పడుతున్నదా, నడుము ఎట్లున్నది అని అడుగు, నీ ముచ్చట మధ్యల తేకు.

ఇగ నీ నొప్పిని నమ్మమని అడుగుడు బంద్ జెయ్యి, పని పంచుకొమ్మని అడుగు. నమ్మకం ఒకరిస్తే వచ్చేది, పని అట్ల కాదు, ఇది నువ్వు చెయ్యి ఇది నేను చేస్త అని తేల్చుకోవచ్చు. పొద్దున గంట రెండు గంటలు వేళ్లు ముడుచుకోవు అని రాసినవ్, ఈ జబ్బుల అది ఉండేదే, అందుకే ఆ టైంల వాకిలి ఊడ్చుడు, బట్టలు పిండుడు, బిందెలెత్తుడు నీ వంతుల ఉండొద్దు. మరెవరు చెయ్యాలె అంటే, మీ ఆయన. ఇంట్ల ఖాళీగ ఉన్నడని నువ్వు రాయలే, నేను రాస్తున్న. బోళ్లు తోముతుంటే ఊరోళ్లు చూస్తరని నామోషీ అయితే తలుపేసుకొని తోమమను! పది గంటలకు వేళ్లు సర్దుకున్నంక వంట నువ్వే చేస్తనని చెప్పు, కూరగాయలు కోసేది అత్తమ్మకు కూసున్నకాడ ఇయ్యి. ఆయనకు కూడా సంపాదన లేక లోపల కుంగిపోతుండొచ్చు, అందుకే కొట్లాటల మధ్య కాకుండా పిల్లలు పండుకున్నంక నిమ్మళంగ చెప్పు.

నాకు అసలు భయమైంది వేరేకాడ. కీళ్లవాతానికి డాక్టర్ రాసిన మెథోట్రెక్సేట్ గోలీ వేసుకుంటే కరోనా తొందరగ అంటుతదని ఎవరో అంటే మార్చిలనే మానేసిన్నని రాసినవ్, నొప్పి లేసినప్పుడల్లా ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుంటున్నవ్. చెల్లె, ఆ గోలీ ఎవరో అన్నరని మానేది కాదు. జ్వరం, కరోనా వచ్చినప్పుడు కొన్నాళ్లు ఆపమని డాక్టరే చెప్తడు, ఏమీ లేనప్పుడు ఆపితే కీళ్లు అరుగుతనే ఉంటయి. కరోనా పుకార్లకు మీ జబ్బోళ్లే ముందు బలైతరు, 2020ల కరోనాకు పనిచేస్తదని హైడ్రాక్సీక్లోరోక్విన్ గోలీల కోసం జనం ఎగబడితే దానిమీద ఆధారపడ్డ కీళ్లవాతపోళ్లకే దొరకలే, యాదికుందా. ఇగ ఆ సూదిల ఏమున్నదో నీకు తెల్వదు. స్టెరాయిడ్ అయితే ఇయ్యాల హాయిగుంటది, రేపు షుగర్ పెరుగుతది, ఎముక గుల్లయితది, బ్లాక్ ఫంగస్ అని టీవీల చూస్తున్నవ్ కదా, అది ఎక్కువగ షుగర్ ఉండి స్టెరాయిడ్లు వాడినోళ్లకే వస్తున్నది. సూదితోపాటు గోలీలు కూడా ఇచ్చి ఉంటే ఒక్కసారే ఆపకు, చాలారోజులు స్టెరాయిడ్ వాడి టక్కున మానితే ప్రమాదం. ఆ చీటీలు, గోలీ అట్టలు ఫోటోలు తీసి పెట్టు.

క్లాసులయ్యినంక సాయంత్రం ఫోన్ నీది, పిల్లలకు ముందే చెప్పు. హైదరాబాద్ డాక్టర్‌కు వాట్సాప్ చెయ్యి, అందకపోతే ఈ-సంజీవని అని సర్కారు ఆన్‌లైన్ డాక్టర్ సేవ ఉన్నది, అండ్ల పైసల్లేకుంట డాక్టర్ మాట్లాడుతడు. టీకా సంగతి కూడా అడుగు, నీ జబ్బుందని టీకా వద్దనుకోకు. మెథోట్రెక్సేట్ మళ్ల మొదలు పెట్టేముందు రక్తం, లివర్ పరీక్షలు చేయించమంటరు, పొద్దుగాల్నే మీ ఆయనను బండి మీద ల్యాబ్‌కు తీస్కపొమ్మను. ఆ గోలీ వారానికి ఒక్కటే రోజు, రోజూ వేసుకుంటే ప్రాణం మీదికొస్తది, ఏ రోజు వేసుకోవాల్నో క్యాలెండర్ మీద రాసి అత్తమ్మకు కూడా చెప్పి పెట్టు.