సముద్రపు బురదలోని కొవ్వులు చెప్పే ఉష్ణోగ్రతను ఎంతవరకు నమ్మవచ్చు?

సముద్రం అడుగు బురదలో మిగిలిపోయిన సూక్ష్మజీవుల కొవ్వులను బట్టి వేల, లక్షల ఏళ్ల కిందటి నీటి ఉష్ణోగ్రత చెబుతున్నారే, అది నమ్మదగిన పద్ధతేనా అని అడిగారు. నమ్మదగినదే. అయితే అలా వచ్చిన అంకెకు కళ్లు మూసుకుని ‘సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత’ అని పేరు పెట్టడాన్ని మాత్రం, అందులోనూ మన బంగాళాఖాతం విషయంలో, నేను ఒప్పుకోను. గోదావరి సముద్రంలో కలిసే చోటికి ఎదురుగా తీసిన బురద మీద కొన్నేళ్లు పనిచేశాక ఏర్పడిన అభిప్రాయం ఇది.

అమోనియాను ఆక్సీకరించి బతికే కొన్ని ఆర్కియా (బాక్టీరియాలా కనిపించినా వేరే కోవకు చెందిన ఏకకణ జీవులు), నీరు వెచ్చనయ్యేకొద్దీ తమ కణపొరలోని లిపిడ్లలో, అంటే కొవ్వుల్లో, కర్బన వలయాల సంఖ్యను పెంచుకుంటాయి. అవి చచ్చి అడుగుకు చేరాక కూడా ఆ అణువులు కోట్ల ఏళ్లు చెక్కుచెదరకుండా ఉండగలవు. నెదర్లాండ్స్‌లోని టెక్సెల్ దీవిలో పనిచేసే స్టెఫాన్ స్కౌటెన్ బృందం 2002లో ఈ వలయాల నిష్పత్తినే ఒక సూచికగా మార్చి, టెక్స్-86 అని పేరు పెట్టింది. ఇప్పుడు బాగా వాడుకలో ఉన్న ఒక సమీకరణం ప్రకారం సూచిక 0.70 వస్తే నీరు సుమారు 28 డిగ్రీలు ఉన్నట్టు లెక్క. ఆ సమీకరణంలోనే 2.5 డిగ్రీల వరకు అటూ ఇటూ ఉంటుందన్న సంగతిని పత్రికల్లో వచ్చే వ్యాసాలు ఎందుకో ఎప్పుడూ వదిలేస్తాయి.

ఈ అంకె ఎలా దారి తప్పిస్తుందో నాకు అర్థమైన సందర్భం ఒకటి చెబుతాను. ఘనీభవింపజేసి ఆరబెట్టిన బూడిదరంగు బురద పొడిని డైక్లోరోమీథేన్, మెథనాల్ మిశ్రమంలో నానబెట్టి కొవ్వును లాగాము. అందులోని గంధకాన్ని పట్టడానికి వేసిన రాగి తురుము చూస్తుండగానే నల్లబడింది. శుద్ధి చేసిన ద్రవాన్ని, అణువులను వేరుచేసి కొలిచే యంత్రంలో రాత్రంతా నడిపి, తెల్లవారి గ్రాఫులు తెరిచాము. పక్క పొరలన్నీ ఇంచుమించు ఒకే ఉష్ణోగ్రత చూపుతుంటే, ఒక్క పొర మాత్రం రెండు డిగ్రీలకు పైగా వెచ్చగా వచ్చింది. బల్ల దగ్గర ఉన్నవారిలో ఒకరు అప్పటికే దాన్ని రుతుపవనాల చరిత్రలో ఒక వెచ్చని దశగా వర్ణించడం మొదలుపెట్టారు. మా సీనియర్ మేడమ్ వచ్చి, తెర మీద వేలు పెట్టి, “ఎడమ పక్కన ఉన్నది సముద్రం, కుడి పక్కన ఉన్నది గోదావరి. ముందు కుడి పక్క చూడండి” అన్నారు. నడి సముద్రపు నమూనాల్లో, ఆ సముద్ర ఆర్కియా లిపిడ్ అయిన క్రెనార్కియోల్ శిఖరం దాటాక కుడివైపు దాదాపు చదునుగా ఉంటుంది. ఇక్కడ మాత్రం నేలలోని బాక్టీరియా తయారుచేసే శాఖల లిపిడ్లు గుంపుగా లేచి నిలబడ్డాయి. నేల లిపిడ్ల వాటాను కొలిచే బిట్ సూచిక ఆ పొరలో 0.5 దాటింది. మిగిలిన పొడిని జల్లించి భూతద్దం కింద పెడితే కర్రముక్కల నల్లని నలుసులు కనిపించాయి. గోదావరి తెచ్చి పోసిన మట్టి అది. దానితో పాటు వచ్చిన నేల ఆర్కియా లిపిడ్లు కూడా లెక్కలో కలిసిపోయి, సముద్రం వేడెక్కినట్టు చూపించాయి. ఆ పొరను లెక్క నుంచి తీసేశాము.

ఇంకో బాధ కూడా చెప్పాలి. ఇంత శ్రమపడి, ఎంతో ఖర్చుపెట్టి ఓడలో వెళ్లి తెచ్చిన బురదను చాలాచోట్ల చవక ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, చెరిగిపోయే సిరాతో పేరు రాసి, కరెంటు పోతే చల్లదనం పోయే గదిలో పెడుతున్నారు. ఆ ప్లాస్టిక్ నుంచి దిగే థాలేట్లు అనే రసాయనాలు, అదే కొవ్వులో నాచుజీవుల ఆల్కీనోన్లను (నీటి ఉష్ణోగ్రత చెప్పే మరో రకం అణువులు) కొలవబోతే గ్రాఫు నిండా అడ్డుపడతాయి. అల్యూమినియం రేకులో చుట్టి పెట్టడానికి ఎంత ఖర్చవుతుంది?

ఆల్కీనోన్లు ఉండగా ఈ ఆర్కియా గొడవ ఎందుకని మీరు అడగవచ్చు. నీరు 28, 29 డిగ్రీలు చేరేసరికి ఆల్కీనోన్ సూచిక దాదాపు ఒకటికి చేరి, ఇక పైకి కదలదు. మన సముద్రం ఏడాదిలో చాలా భాగం ఆ వేడిమి దగ్గరే ఉంటుంది కాబట్టి టెక్స్-86 అవసరం తప్పదు. కానీ ఈ ఆర్కియా ఎక్కువగా ఉండేది ఎండ తగిలే పై నీటిలో కాదు, దాని కిందిపొరల్లో. సియాటిల్‌లోని ఒక అక్వేరియం తొట్టి నుంచి 2005లో వేరుచేసిన నైట్రోసోప్యూమిలస్ అనే ఆర్కియాను ప్రయోగశాలలో పెంచి చూస్తే, ఉష్ణోగ్రత మారకపోయినా ఆక్సిజన్ తగ్గించగానే సూచిక పెరిగింది. బంగాళాఖాతంలో నదుల మంచినీరు మూతలా పైన పరుచుకుంటే, దాని కింద వందల మీటర్ల మందాన ఆక్సిజన్ బాగా తక్కువగా ఉన్న నీరు ఉంటుంది. అలాంటి చోట ఆ అంకెను ఉపరితలానికి అంటగట్టడానికి ఆధారం ఏముంది? కృష్ణా, గోదావరి బేసిన్‌లో ఇంకో చిక్కు ఉంది. 2006లో జాయిడెస్ రిజల్యూషన్ ఓడ తవ్వినప్పుడు అక్కడ మీథేన్ హైడ్రేట్లు (మీథేన్ చిక్కుకున్న మంచులాంటి పదార్థం) దొరికాయి. మీథేన్‌ను తిని బతికే ఆర్కియా ఆ బురదలోనే ఉండి, వలయాలున్న లిపిడ్లను తామూ కలుపుతాయి.

ఇంత చెప్పినా ఈ పద్ధతి మీద నాకు గౌరవమే ఉంది. 2004లో ఆర్కిటిక్ సముద్రంలోని లోమొనోసోవ్ శిఖరశ్రేణి మీద తీసిన కోర్‌లో (సముద్రం అడుగు నుంచి తవ్వి తీసిన పొడవాటి బురద స్తంభంలో) 5.6 కోట్ల ఏళ్ల కిందటి పొరలకు వెళ్లేసరికి, కొలవడానికి ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవుల సున్నపు గుల్లలే మిగలలేదు. ఆ కాలపు భారీ వేడెక్కుడులో ధ్రువం దగ్గరి నీరు సుమారు 18 డిగ్రీల నుంచి 23 డిగ్రీలకు పైకి వెళ్లిందని చెప్పగలిగింది ఈ లిపిడ్లే.

మన తీరానికి వచ్చేసరికి మాత్రం, అదే పొర నుంచి ఏరిన, పై నీటిలో బతికిన ఫొరామినిఫెరా గుల్లల్లో ఉష్ణోగ్రతను చెప్పే మెగ్నీషియం, కాల్షియం నిష్పత్తిని కూడా కొలిచి పక్కన పెట్టాలన్నదే నా పట్టుదల. ఆ రెండు అంకెలకూ మధ్య వచ్చే తేడా నుంచే పై నీరు, కింది నీరు ఎంత విడిపోయి ఉండేవో తెలుస్తుంది. మీరు చదువుతున్న పరిశోధన పత్రం గోదావరి ఎదుట తీసిన కోర్ గురించే అయితే, బిట్ విలువలు, మీథేన్ తినే ఆర్కియా లిపిడ్ల వాటాను చూపే మీథేన్ సూచిక ఉన్న పట్టిక కోసం వెతకండి. అనుబంధంలో కూడా అది లేకపోతే రచయితలకే ఉత్తరం రాసి అడగండి. చాలామంది పంపిస్తారు.