అధికారి భక్తి బయటకు కనిపించడం తప్పా? విశాఖ ఆఫీసులో నేను చూసింది

కలెక్టరో, మంత్రో తన మతాన్ని బయటకు చూపించుకోవడం రాజ్యాంగానికి విరుద్ధం కాదా, అమెరికాలోలా మతానికీ ప్రభుత్వానికీ మధ్య గోడ ఉండొద్దా అని ఒకరు అడిగారు.

ఆ గోడ మాట 1802లో అప్పటి అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్ రాసిన ఉత్తరంలోది. మన దగ్గర అది నిలబడదు. మా సింహాచలం అప్పన్న గుడికి ఈఓను వేసేదే ప్రభుత్వం. చందనోత్సవానికి ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు వెళ్తాయి. మంత్రి దైవసాక్షిగా ప్రమాణం చేయొచ్చు, ఆత్మసాక్షిగానూ చేయొచ్చు. 25వ అధికరణం ఇచ్చిన మత స్వేచ్ఛ అధికారికీ ఉంది. కాబట్టి బొట్టు, శిలువ, టోపీ, ఏదీ నేరం కాదు.

నేను నగరంలో ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగా చేశాను. ఒక ఏడాది మా సారు అయ్యప్ప మాల వేసుకున్నారు. నల్లబట్టలు, కాళ్లకు చెప్పుల్లేవు. ఆ నలభై ఒక్క రోజులూ ఒక బ్రోకరు గుమ్మంలోనే "స్వామియే శరణం" అనేవాడు. మరుసటి ఏడాది క్రైస్తవుడైన సారు వచ్చారు, టేబుల్ మీద బైబిల్. అదే బ్రోకరు, అదే గుమ్మం, "ప్రెయిజ్ ద లార్డ్ సార్"! మేం పగలబడి నవ్వాం.

నాకు చిరాకు తెప్పించింది వేరు, చందా లిస్టు. దసరాకి ఆయుధపూజ, డిసెంబర్‌లో కేకు. పైన సారు పేరు, పక్కన వెయ్యి అని ఉంటే కింద ఉన్నవాడు ఇవ్వనని ఎలా అంటాడు? అది భక్తి కాదు, టెన్షన్.

ఇక ఆ రెండో సారు ఉన్నప్పుడే అడవివరం వైపు నుంచి నుదుట నామంతో ఒక ముసలాయన వచ్చాడు. సర్వే నకలు లేదని ఫైలు వెనక్కొచ్చింది. కారణం అంతే, పక్కా. ఆయన మాత్రం నన్ను వరండాలోకి పిలిచి, "సారుదే మతం బావూ? ఏటని పలకరిస్తే పనవుద్ది?" అన్నాడు. నమస్కారం చాలు తాతా, నకలు పట్టుకురా అన్నాను.

వారం తర్వాత నకలు తెచ్చాడు. ఆ రోజే పనైపోయింది. బయటికొస్తూ నా చెవిలో, "ఈసారి ప్రెయిజ్ ద లార్డ్ అనీసినాను బావూ, అందుకే అయింది" అన్నాడు.