తూర్పు గట్టు నుంచి మొదలుపెట్టండి

ప్రశ్న: ఉద్యోగరీత్యా కొన్ని నెలలుగా జపాన్‌లో ఉంటున్నాను. క్యోటోలో పేరున్న బౌద్ధాలయాలు చూశాను గాని, జనసమ్మర్దం వల్ల ఏ ఒక్కచోటా నెమ్మదిగా నిలబడలేకపోయాను. పాత నిర్మాణశైలి నిలిచి ఉన్న ప్రశాంతమైన ఆలయం ఏదైనా సూచించగలరా? నేను బౌద్ధమతస్థురాలిని కాను కనుక, అక్కడ ఎలా మెలగాలో కూడా తెలుపగోరుతున్నాను.
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు జోరురిజికి వెళ్ళండి. క్యోటో ప్రిఫెక్చర్ దక్షిణపు కొసన, నారా నగరానికి చేరువలో, కొండల నడుమ ఒదిగి ఉన్న చిన్న ఆలయం అది. ‘జోరురి’ అంటే నిర్మలమైన వైడూర్యం. తూర్పు దిక్కున భైషజ్యగురు బుద్ధుడు ఏలే లోకానికి ఆ పేరు. మన వైడూర్యమే అంత దూరాన ఒక ఆలయానికి పేరై నిలవడం నాకు ఎంతో ఆత్మీయంగా తోస్తుంది.

అక్కడ అన్నిటికన్నా ముందు గమనించవలసింది కట్టడాల అమరిక. నడుమ కొలను, తూర్పు గట్టున మూడంతస్తుల పగోడా, పడమటి గట్టున పొడవైన ప్రధాన మందిరం ఉంటాయి. పగోడాలో రోగాలు మాన్పే భైషజ్యగురువు, మందిరంలో పడమటి దిక్కున ఉందని నమ్మే పుణ్యలోకమైన సుఖావతికి అధిపతి, అమితాభ బుద్ధుడు కొలువై ఉన్నారు. తూర్పు గట్టు మనం బతుకుతున్న ఈ లోకం. పడమటిది చేరవలసిన ఆవలి తీరం. అందుచేత ముందు పగోడా దగ్గర నిలబడి నమస్కరించి, వెనుదిరిగి నీటి మీదుగా మందిరాన్ని కాసేపు చూసి, ఆ తరువాతే గట్టు వెంట నడిచి అటు చేరడం అక్కడి సంప్రదాయం. నేరుగా మందిరంలోకి వెళ్ళేవారికి విగ్రహాలు కనిపిస్తాయి గాని, ఈ ఆలయాన్ని కట్టినవారి ఆలోచన అందదు.

మందిరం 1107లో కట్టినది. 1157లో దానిని ఇప్పుడున్న పడమటి గట్టుకు తరలించారు. లోపల తొమ్మిది మంది అమితాభులు ఒకే వరుసలో కూర్చుని ఉంటారు. మనుషులు తమ తమ యోగ్యతను బట్టి తొమ్మిది విధాలుగా సుఖావతిలో జన్మిస్తారన్న విశ్వాసానికి ఆ తొమ్మిది రూపాలూ ప్రతీకలు. నడిమి విగ్రహం ఎత్తు సుమారు 224 సెంటీమీటర్లు, తక్కినవి 140 సెంటీమీటర్లకు అటూ ఇటూగా ఉంటాయి. హేయాన్ కాలపు (794–1185) ప్రభువర్గం అప్పటి రాజధాని క్యోటోలో ఇటువంటి మందిరాలను అనేకం కట్టించినా, ఆనాటి మందిరమూ తొమ్మిది విగ్రహాలూ కలిసి మిగిలింది ఇక్కడొక్కచోటే. ఇంత అపురూపమైన కట్టడానికి బయట ఆడంబరమేమీ లేదు: తెల్లని గోడలు, రంగు వెలిసిన కొయ్య, వరుసగా తలుపులు. ఒక్కొక్క తలుపు వెనుక ఒక్కొక్క బుద్ధుడు ఉండేలా మందిరాన్ని విగ్రహాల కొలతకే అమర్చారు.

పగోడాను 1178లో క్యోటో నుంచి తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. దాని కప్పు పెంకులది కాదు. హినోకీ చెట్టు బెరడును పొరలు పొరలుగా పేర్చి కప్పినది, కనుకనే చూరు అంచులు అంత మెత్తగా వంగి కనిపిస్తాయి. లోపలి భైషజ్యగురువు దర్శనం మాత్రం ప్రతి నెలా 8వ తేదీ వంటి కొన్ని రోజులలో, అదీ వాతావరణం అనుకూలిస్తేనే లభిస్తుంది.

మెలగవలసిన తీరు గురించి మీరు బెంగపడనక్కరలేదు. మందిరంలోకి వెళ్ళేటప్పుడు చెప్పులు విడవాలి, లోపల ఫోటోలు తీయకూడదు, గొంతు తగ్గించి మాట్లాడాలి. చేతులు జోడించి తల వంచితే చాలు. మీ మతమేదని ఎవరూ అడగరు. వీలైతే జనవరి మొదటి పక్షంలోగాని, మార్చి 21 నుంచి మే 20 లోపుగాని, అక్టోబరు, నవంబరు నెలల్లోగాని వెళ్ళండి. 1212లో ప్రతిష్ఠించిన కిచిజోతెన్ విగ్రహాన్ని ఆ రోజుల్లోనే తెరచి చూపుతారు. ఆమె మన లక్ష్మీదేవే. రంగులు ఇంకా నిలిచి ఉన్నాయి.

కామో రైల్వేస్టేషను నుంచి బస్సు ఉంది, కాని తరచుగా తిరగదు కనుక తిరుగు బస్సు వేళ ముందే చూసుకోండి. నడవగలిగితే గాన్‌సెన్‌జి ఆలయం వైపు వెళ్ళే కాలిబాట పట్టండి. దారి పొడవునా బండలపై చెక్కిన బుద్ధులు ఎదురవుతారు. వారిలో 1299 నాటి అమితాభుణ్ణి ఆ ఊరివారు ‘నవ్వే బుద్ధుడు’ అని పిలుస్తారు.